ముప్పై యూనిట్ల ఎండకాలం

మా ఇంటికి కరెంటు పొయ్యి వచ్చిన నాడు వరంగల్ కొత్తవాడ సగం మా వాకిట్ల నిలవడ్డది. మిగిలిన సగం గోడెక్కింది. కట్టె లేకుంట, పొగ లేకుంట వంట అంటె ఎవలు నమ్ముతరు? మీట నొక్కంగనే తెల్ల పలక మీద చుట్టలు చుట్టుకున్న తీగ మెల్లమెల్లగ ఎర్రగైంది. ముందు వరుసల ఉన్న కట్టమ్మవ్వ రెండు చేతులెత్తి దండం పెట్టింది. నేను ఆమె చెవుల చెప్పిన, "అవ్వా, ఇందుల రైలింజను దయ్యం ఉన్నది. అక్కడ బొగ్గు చాలుతలేదని అలిగి మా ఇంటికొచ్చింది." ఆమె నెల రోజులు మా గడప తొక్కలే. మా అత్త నన్ను బాగ తిట్టింది. దయ్యం గురించి కాదు, మా జల్లెడ కట్టమ్మవ్వ ఇంట్ల ఉన్నది.

పొయ్యి తెచ్చింది మా ఆయన. పేరు చెప్పద్దు గనుక కాజీపేటాయన అంట. రైల్వేల తీగెల పని, ఐతారం నాడే ఇంటి పట్టున ఉంటడు. ఎవలో రైల్వే దొరకు బదిలైతె బంగళా సామానంత అమ్ముకున్నడట, అందరు కుర్చీలు కొంటాంటె ఈయన పొయ్యి కొన్నడు. నా మీద ప్రేమతోని కొన్నడని వాడకట్టంత అనుకున్నది. నేను కాదనలే. అసలు సంగతి మా అత్త శ్యామలమ్మకు దమ్ము. కట్టెల పొయ్యి ముందట కూసున్నదంటె దగ్గి దగ్గి గోడ పట్టుకునేది. దవాఖానల డాక్టరు ఖరాఖండిగ చెప్పిండు, పొగ తగలద్దు, తగిలితె నా మందు పని చెయ్యదు అని. అది లడాయి ఐదో ఏడు. కట్టెలు గూడ పచ్చియే దొరుకుతున్నయి. ఎండిన కట్టెలు గూడ లడాయికే పోయినయో ఏమో.

మా మామ మార్కండేయులు జంపఖానాలు నేస్తడు. ఆయన నాకు రెండు తీర్ల మామ. మా అమ్మకు సొంత అన్న, మా ఆయనకు నాయిన. కొత్త కోడండ్లు మామ ముందటికెళ్ళి నడువాలంటేనే కొంగు కప్పుకునే మా వాడల, నేను ఆయన చెప్పులు అటక మీద దాచి, "మీ చెప్పులు ఇందాకనే పరకాల దిక్కు పోయినయి మామా, ఆపితె ఆగలే" అనేదాన్ని. ఆయన కోపం చెయ్యడు. "మీ అమ్మ గూడ గిట్లనే ఉండె" అంటడు. మల్ల దారం మోసే నాడెను మగ్గంల అటిటు ఇసురుడు మొదలు.

మగ్గం నడిమింట్ల, గుంటల ఉంటది. ఆ ఇంటికి కిటికీ లేదు, తలుపు ఒక్కటే. అందుకని ఇంట్ల ఉన్న రెండు బల్బులల్ల పెద్దది మగ్గం మీద యాలాడుతది. పొద్దు పొడిచిన కాడికెళ్ళి పొద్దుగూకేదాంక వెలుగుతనే ఉంటది. రెండోది వంటింట్ల. అది చిన్నది, దాని వెలుతుర్ల ఉప్పుకు, చక్కెరకు తేడా తెల్వదు. తెల్వదని నేనే రెండు మూడు సార్లు నిరూపించిన.

రాట్నం మీద కండెలు చుట్టుడు నా పని. దారం కండెకు చుట్టి, రంగులు వేరు చేసి, వెదురు తట్టల పేర్చి మామ పక్కకు పెడత. ఆయన చెయ్యి చాపి తీసుకొని నాడెల పెట్టుకుంటడు. ఎర్రయి ఎడమకు, నీలియి కుడికి. గట్ల పెట్టాలెనని ఎవలు చెప్పలే. మొదటి రోజు గట్ల పెట్టిన, గట్లనే నడుస్తాంది.

ఉగాది పోయిన పదిరోజులకు కరెంటు ఆఫీసు నుంచి రాజేశ్వర్ రావు సారు వచ్చిండు. పొడుగు మనిషి. సైకిలు దిగినంక నడుం నిటారుగ కావడానికి ఆయనకు ఎంతసేపు పడుతదంటె, అప్పటిదాంక మనం ఒక కండె చుట్టుకోవచ్చు. మీటరు ముందట నిలవడి, అద్దాలు తుడుసుకొని, మల్ల చూసి, బుక్కుల రాసుకున్నడు.

"ఇంట్ల ఎంతమంది అమ్మా?"

"నలుగురం సారు."

"నలుగురు కలిసి దీపాలు తింటాన్రా? నెలకు తొంబై యూనిట్లు కాలింది."

"దీపం ముందట కూసుండేది మా మామ ఒక్కడే సారు. మిగిలిన ముగ్గురం చీకట్లనే బతుకుతం."

గప్పుడే వంటింట్ల పప్పు పొంగి, తీగ మీద పడి సుయ్యిమన్నది. ఆయన తల తిప్పి వంటింటి దిక్కు చూసిండు. నేను గూడ చూసిన, నాకు గూడ కొత్త అన్నట్టు.

"పొయ్యా?"

"ఔ సారు."

"చూడమ్మా, నీ నోటికి నేను జవాబు చెప్పలేను గాని ఒక్క మాట ఇను. బొగ్గంత లడాయికి పోతాంది. ఇగ నుంచి ఇంటికి నెలకు ముప్పై యూనిట్లే. పగటీలి పదింటికెళ్ళి నాలుగింటి దాంక పొయ్యిలు బంద్, కార్ఖానలకే కరెంటు చాలుతలేదు. ముప్పై మీద ఒక్కటి ఎక్కినా తీగ కోసి పోత. మల్ల ఎప్పుడు కలుపుతరో నాకు తెల్వది. నా మీది సార్లకు గూడ తెల్వది."

లోపట మగ్గం చప్పుడు ఆగింది. అత్త దగ్గు బిగవట్టుకున్నది. తీగ కోస్తె పొయ్యి పోతది, పొయ్యి పోతె మల్ల పొగ. అది ఇంట్ల ఉన్న మా ముగ్గురికి ఒక్కసారే సమజైంది.

ఐతారం నాడు కాజీపేటాయన వచ్చి సుద్దముక్క తోని నేల మీద లెక్క గీసిండు. మగ్గం మీది బల్బు పొద్దందాక వెలిగితె నెలకు పద్దెనిమిది. పొయ్యి రోజు రెండు గంటల మీద నడిస్తె డెబ్బై.

"ఒక్క పొయ్యి పదిహేను బల్బులంత తింటది" అన్నడు.

"గింత తిండిపోతును ఎవలు తెచ్చిన్రు ఇంటికి?"

"నేనే."

"మరి తల్లి కోసమని తెచ్చినప్పుడు దాని కడుపు ఎంతో అడిగి తేవద్దా?"

ఆయన నవ్వలే. సుద్దముక్క గీకుకుంట కూసున్నడు. ఇగ నేనే తెగించిన. రెండు రోజులు మీటరు ముందట పీట వేసుకొని కూసున్న. దాని లోపట ఒక చక్రం, చక్రం మీద ఎర్ర మచ్చ. బల్బు ఒక్కటే ఉంటె ఆ మచ్చ పెండ్లికూతురు లెక్క నడుస్తది. పొయ్యి పెట్టంగనే పోలీసోడు వెంబడి పడ్డట్టు ఉరుకుతది. చూసి చూసి నాకు కలల గూడ ఎర్ర మచ్చలే. ఆఖరికి లెక్క తేలింది. మగ్గం మీది బల్బు తీసేసి, వంటింట్ల బల్బు జాగల నూనె దీపం పెడితె, పొయ్యి రోజుకు ఒక గంట నడుస్తది. గంటల నేను నలుగురికి వండుత.

మామ దగ్గరికి పోయిన. "మామా, సూర్యుడు పొద్దందాక వాకిట్ల ఊకెనే నిలవడుతాండు. తలుపు బార్ల తెరిస్తె లోపటికి వస్తడు. బల్బు తీద్దామా?"

మామ నాడె ఆపి తొడ మీద పెట్టుకున్నడు. బల్బు దిక్కు చూసిండు. తలుపు దిక్కు చూసిండు.

"బల్బు తీస్తె మీ అత్తకు పొగ తప్పుతదా?"

"తప్పుతది."

"అయితె తియ్యిన్రి."

గంతే. నేనే స్టూలెక్కి తీసిన. వరంగల్ల నా అంత తెలివిగల్ల ఆడిమనిషి లేదని ఆ రోజు నాకు బాగ నమ్మకం కుదిరింది.

ఆ తర్వాత పదిహేను రోజులు ఇల్లు నిమ్మలంగ నడిచింది. పొద్దుగాల తొమ్మిదింటికి పొయ్యి ముట్టిచ్చి పదింటికి ఆర్పేదాన్ని. అత్త దగ్గు తగ్గింది, రాత్రి సక్కగ పండుకుంటాంది. మామ మాత్రం జర మెల్లగైండు. రెండు రోజులల్ల దించే జంపఖానాకు మూడు రోజులు పడుతాంది. "ఎండకు చేతులు ఆడుతలేవు" అన్నడు. ఆ ఎండకాలం ఎండ నిజంగనే గట్లున్నది. మా గోడ మీద బల్లి నీడ కోసం మా వాకిట్లనే ఒక పాత గొడుగు కింద సంసారం పెట్టింది. కాబట్టి నేను నమ్మిన.

ఊరికె కూసుంటె నాకు చెయ్యి దురద పెడుతది. హన్మకొండ సత్యనారాయణ సేటు జంపఖానాల పని అప్పుడే మొదలైంది. ఎర్ర నేల మీద నీలి చారలు, మొత్తం పన్నెండు జంపఖానాలు. అంతకు ముందటి పనిల మిగిలిన చిలకపచ్చ దారం కొంత ఉండె. అది ఎంత పచ్చ అంటె, ఆరేస్తె నిజం చిలకలు వచ్చి పలకరిచ్చి పోయినయి. నేను ఆ దారంతోని ఏడెనిమిది కండెలు చుట్టి, తట్టల నీలియి ఉండే కుడి దిక్కు పేర్చి మామ పక్కకు పెట్టిన. పెట్టి వంటింట్లకు ఉరికి, కొంగు నోట్ల కుక్కుకొని నిలవడ్డ. ఇగ అరుస్తడు, ఓ సరోజనా, ఇది నీలి ఆయెనా అని. "ఎండకు రంగు మారింది మామా" అని జవాబు గూడ తయారు పెట్టుకున్న.

మగ్గం చప్పుడు అయితాంది. టక్కు, టక్కు. నేను ఎదురు చూస్తాన. టక్కు, టక్కు. పప్పు దించిన. చింతపండు పిసికిన. మగ్గం ఆగలే.

పోయి చూసిన. నాలుగు వేళ్ళ మందం చార పడ్డది. ఎర్ర నేల మీద చిలకపచ్చ. తలుపులకెళ్ళి వచ్చే ఎండ దాని మీదనే పడుతాంది. మామ కండె అయిపోయిందని చెయ్యి చాపి, తట్టల కుడి దిక్కు తడిమి ఇంకో కండె తీసిండు. నేను నిలవడ్డది చూసి, నేసిన చార మీద అరచెయ్యి పెట్టి రాసిండు.

"నీలి మంచిగ వచ్చింది బిడ్డా. ఈ తాప రంగు బాగ పట్టింది."

నేను తట్ట దిక్కు చూసిన. కుడి దిక్కు ఇంకా పచ్చ కండెలే ఉన్నయి.

"ఔ మామా" అన్న.

ఆయన మల్ల నేసుడు మొదలువెట్టిండు. నేను అక్కడనే నిలవడ్డ. ఆపుమని ఎట్ల చెప్పాలె? చెప్తె ఎందుకని అడుగుతడు. ఎందుకో చెప్తె ఆయనకు రంగు తెల్వదని నాకు తెలిసినట్టు ఆయనకు తెలుస్తది.

గంతల అత్త అన్నానికి పిలుసుకుంట వచ్చింది. చారను చూసింది. నన్ను చూసింది. మా అత్త కండ్లల్ల ఆశ్చర్యం లేదు. అది నాకు ఇంకా బుగులైంది.

"నేనే కలిపిన అత్తా" అన్న గట్టిగ, మామకు ఇనవడేటట్టు. "తొందరల నీలి కండెల జాగల పచ్చయి పెట్టిన. నా తప్పు."

అది నిజమే. గాని నా పుట్టుకల మొదటిసారి నిజాన్ని అబద్ధం లెక్క చెప్పిన.

మామ చేతిలున్న నాడెను పడుగు మీద పెట్టిండు. "నేను గూడ చూడలే. తొందర పడ్డ" అన్నడు. తల వంచుకొని కాళ్ళు గుంటల నుంచి బైటికి తీసిండు. అన్నం కాడ మామ సగం తిని లేచిండు.

ఆయన బైట మంచంల ఒరిగినంక అత్త ఎల్లిపాయ పొట్టు తీసుకుంట చెప్పింది, కూరగాయల ధర చెప్పినంత మామూలుగ.

"మూడేండ్లాయె. కండ్లల్ల పొర వస్తాందట. బల్బు కిందనైతె రంగు తెలుస్తది. తలుపు ఎండకు తెల్వది, ఎదురుంగ కొట్టి అంత ఒకటే మబ్బు లెక్క అయితదట."

"నాకెందుకు చెప్పలే?"

"నీకు చెప్తె కొత్తవాడకు చాటింపు ఏసినట్టు గద."

అది గూడ నిజమే.

"సేటుకు తెలిసిందనుకో, ఇగ పని ఇయ్యడు. రంగు తెల్వనోనికి జంపఖానా ఎవలిస్తరు? పని లేకపోతె ఈ మనిషి పొద్దందాక ఏం చేస్తడు చెప్పు. పదేండ్ల వయసుల గుంటల కూసున్నడు."

"మరి నేను బల్బు తీస్తాంటె నువ్వు ఎందుకు ఆపలే అత్తా?"

అత్త ఎల్లిపాయ రెబ్బను దీపం దిక్కు పట్టి చూసింది. "నాకు నేనే చెప్పుకుంట ఉన్న, తియ్యద్దు అనుమని. ఆయన తియ్యిన్రి అన్నడు. నా దగ్గు కోసం అన్నడని తెలుసు. గప్పుడు నేను కాదంటె ఆయన మాట తీసేసినట్టు."

తెల్లారి నేను నిద్ర లేచేటాలకు ఇంట్ల పొగ వాసన. మగ్గం మీద బల్బు వెలుగుతాంది. అత్తనే స్టూలెక్కి పెట్టిందట. కరెంటు పొయ్యి పాత చీరల మూట కట్టి అటక మీద, నేను మామ చెప్పులు దాచే జాగల ఉన్నది. వాకిట్ల పాత మట్టి పొయ్యి ముందట అత్త కూసొని పచ్చి కట్టెలు ఊదుతాంది.

"అత్తా, లే. నేను ఊదుత."

"నువ్వు ఊదితె మంట కంటె మాటలు ఎక్కువొస్తయి. పో."

అత్త దగ్గింది. లోపట మగ్గం ఆగింది. దగ్గు ఆగినంక మగ్గం మల్ల నడిచింది. మల్ల దగ్గు, మల్ల మగ్గం ఆగుడు. ఆ రోజంత ఇల్లు గట్లనే నడిచింది. ఒకలి చప్పుడు మొదలైతె ఒకలి చప్పుడు బంద్. నడుమ నేను రాట్నం తిప్పుకుంట, ఎర్రయి ఎడమకు, నీలియి కుడికి, నాలుగు సార్లు చూసి పెడుతాన.

ఐతారం నాడు కాజీపేటాయన చేత మల్ల సుద్దముక్క పట్టిచ్చిన. ముప్పైల బల్బుకు పద్దెనిమిది పోతె పన్నెండు. అంటె పొయ్యికి రోజుకు ఇరవై నాలుగు నిమిషాలు.

"ఇరవై నాలుగు నిమిషాలల్ల ఏమేం ఉడుకుతది?"

"నీళ్ళు మరుగుతయి."

"ఇంకా?"

"ఇంకో గిన్నెల నీళ్ళు మరుగుతయి."

నీళ్ళు తాగి నలుగురం ఎట్ల బతుకుతమో ఆ లెక్క ఆయనను అడుగలే. సోమారం నాడే పొయ్యి అటక మీదికెళ్ళి దించిన. అత్తను వాకిట్లకు పోనియ్యలే, ఆ మట్టి పొయ్యిల నీళ్ళు పోసిన. ఇగ నా ప్రయోగాలు మొదలైనయి. పప్పు రాత్రే నానబోసిన. బియ్యం నానబోసిన. గిన్నె అడుగు మసి గీకి అద్దం లెక్క చేసిన, వేడి సక్కగ తగులాలెనని. మూత పెట్టి మూత మీద రోలు బండ పెట్టిన. నీళ్ళను పొద్దుగాల నుంచి ఎండల పెడితె సగం కాగినయి, ఆ సగం కరెంటు మిగిలింది. గింత చేసినా అన్నం పలుకు మీదనే ఉండె. మూడు రోజులు మా ఇంట్ల అన్నం తింటాంటె పక్కింట్ల శనగలు పేలుతున్నయని అనుకున్నరట. మామకు ఉన్న పండ్లు తక్కువ, గాని ఏమనలే. అత్త, "నమిలితె మంచిదే" అన్నది.

గురువారం నాడు నాకు ఆలస్యమైంది. పదిన్నరకు గూడ పొయ్యి మీద అన్నం ఉడుకుతాంది. అప్పుడే పొంగు వచ్చింది, ఇంకా గింజ గట్టిగనే ఉన్నది. గల్లీల సైకిలు గంట ఇనవడ్డది. ఆ గంట చప్పుడు నాకు తెలుసు. ఆ సైకిలు గూడ నడుం నొప్పితోనే మోగుతది.

మీట బంద్ చేసిన. పొయ్యి మీద గంప బోర్లిచ్చిన. కుతకుత ఉడికే గిన్నె ఎక్కడ పెట్టాలె? మూత తీస్తె ఆవిరి, బైట పెడితె వాసన. నడిమింట్ల మూలకు సేటు జంపఖానాలు దొంతిగ ఉన్నయి. వాటి పక్కన, ఆ నాడు మగ్గం మీదికెళ్ళి కోసి పడేసిన చిలకపచ్చ చార ముక్క ఉండె, అప్పటిదాంక నేసిన ఎర్ర నేలతోని కలిపి మూడు గజాలుంటది. గిన్నెను దాంట్ల పెట్టి, నాలుగు సుట్లు సుట్టి, దొంతి నడుమ దోపిన. పైన ఇంకో రెండు పడేసిన. రాజేశ్వర్ రావు సారు గడపల నిలవడ్డడు, నేను రాట్నం ముందట కూసున్న. పుట్టినకాడికెళ్ళి అక్కడనే కూసున్నట్టు.

ఆయన మీటరు చూసిండు. వంటింట్లకు తొంగి చూసిండు. గంపను చూసిండు.

"పొయ్యి నడుస్తలేదా?"

"టైం దాటింది గద సారు."

"సూర్యుడు నెత్తి మీదికొస్తాండు. మీరు ఇంకా తినలేదా?"

"ఎండకాలం మాకు ఆకలి తక్కువ సారు."

మామ మగ్గం ఆపి, "కూసో సారు, నడుం పట్టుకొని నిలవడ్డవు" అన్నడు. కుర్చీ లేదు మా ఇంట్ల. సారు చుట్టు చూసి, మెల్లగ నేల మీద కూసొని, జంపఖానాల దొంతికి నడుం ఆనిచ్చి ఒరిగిండు. సరిగ్గ గిన్నె ఉన్న జాగకు.

నా చేతిల దారం తెగింది.

సారు కండ్లు మూసుకున్నడు. ఈ తాలూకాల ఎవలెవలు మీటర్లను ఎట్లెట్ల మోసం చేస్తున్నరో చెప్పుడు మొదలువెట్టిండు. ఒకాయన మీటరు ముందట అగరుబత్తి పెట్టి మెల్లగ తిరుగుమని మొక్కుతాండట. మామ "ఔనా" అంటాండు. జరసేపటికి సారు, "జర ఎచ్చగ ఉన్నదేందమ్మా ఇది?" అన్నడు.

"కొత్త జంపఖానాలు సారు. మగ్గం మీదికెళ్ళి దించినంక వారం దాంక వేడి పోదు."

మామ నా దిక్కు చూసిండు. నలభై ఏండ్లకెళ్ళి నేస్తున్నోడు, ఈ ముక్క మొదటిసారి ఇన్నడు. తల వంచి నాడెల కండె మార్చుకున్నడు.

"హాయిగ ఉన్నది" అన్నడు సారు. "మా ఇంట్ల ఇటుక కాగవెట్టి నడుముకు పెడుతరు. గిది దాని కంటె నయం." గట్ల ఆయన గంట సేపు ఒరిగిండు. నేను అన్ని దేవుళ్ళకు మొక్కిన, గాని ఏ దేవుడు వచ్చి ఆ సారును లేపలే. పోయేటప్పుడు ఆయన నడుం పట్టుకోకుంటనే సైకిలెక్కిండు.

ఆయన గల్లీ మలుపు తిరుగంగనే దొంతి లాగి, చిలకపచ్చ గుడ్డ ఇప్పిన. గిన్నె పట్టుకుంటె చెయ్యి కాలింది. మూత తీసిన. నీళ్ళు లేవు. అన్నం మెతుకు మెతుకు విడి, మెత్తగ, అడుగంటకుంట ఉడికి ఉన్నది. గంట కింద పలుకు మీద ఉన్న అన్నం. పొయ్యి లేకుంట.

"అత్తా" అని పిలిచిన. అత్త వచ్చి ఒక మెతుకు నలిపి చూసింది. ఇంకొకటి నలిపింది. వేళ్ళ నడుమ మెత్తగ అంటుకున్నది.

"ఇది ఎవలు వండిన్రు?"

"రాజేశ్వర్ రావు సారు నడుము" అన్న.

మామ గుంటల నుంచి లేచి వచ్చిండు. వంగి, గిన్నెను గాదు, గుడ్డను పట్టుకున్నడు. మందం చూసిండు బొటనవేలు తోని. "మంచిగ కొట్టి నేసిన. గాలి దూరదు ఇందుల" అన్నడు. "లోపటి వేడి లోపటనే ఉన్నది." ఆ గుడ్డను కోసి పడేసిన నాటి నుంచి ఆయన దాన్ని ముట్టుడు అదే మొదలు.

ఇగ ఆ ఎండకాలం మా వంట గట్ల నడిచింది. పొద్దుగాల అన్నం పది నిమిషాలు పొంగనిచ్చుడు, మూత తియ్యకుంట చిలకపచ్చ గుడ్డల సుట్టి పాత చెక్క డబ్బల పెట్టుడు. నానిన పప్పు పన్నెండు నిమిషాలు, దానికి ఇంకో పాత ముక్క. పదింటి లోపల మీట బంద్. పగటీలి ఇప్పితె నాలుక కాలేటట్టు ఉంటది. కూర లేని రోజు పచ్చి పులుసు. మామ పండ్లు మిగిలినయి. వాకిట్ల మట్టి పొయ్యిల అత్త తులసి చెట్టు నాటింది. దగ్గు లేదు, మగ్గం ఆగుతలేదు. మొదట్ల రెండు రోజులు ఆ ఇంట్ల ఏదో తక్కువైందని నాకు అనిపిచ్చింది. తర్వాత సమజైంది, ఇద్దరు ఒకలి కోసం ఒకలు ఆగుడు తక్కువైంది.

నెలాఖరుకు రాజేశ్వర్ రావు సారు వచ్చిండు. మీటరు చూసిండు. అద్దాలు తీసి తుడిచి మల్ల చూసిండు. వేలితోని మీటరును రెండు సార్లు కొట్టిండు.

"ఇరవై తొమ్మిది" అన్నడు. "పొయ్యి మానేసిన్రా?"

"లేదు సారు. రోజు వండుతున్నం."

"బల్బు?"

"ఎదురుంగనే వెలుగుతాంది, చూడున్రి."

ఆయన చాలాసేపు నా ముఖం చూసిండు. నేను ఏ మోసం చెయ్యలే గనుక ముఖం ఎట్ల పెట్టాలెనో నాకు తెల్వలే. ఆఖరికి బుక్కుల రాసుకొని, జర మెల్లగ అన్నడు, "ఆ నాటి జంపఖానా ఒకటి నాకు కావాలె అమ్మా. నడుముకు."

"అది అమ్మేది కాదు సారు. వంటింట్ల పని చేస్తాంది."

సేటు జంపఖానాలు పన్నెండు, నీలియి నీలిగ, ఎర్రయి ఎర్రగ పోయినయి. సేటుకు ఏం తెల్వలే. కాజీపేటాయన అదే బల్బును ఇంకో మూర కిందికి దించి, వెలుతురు సక్కగ పడుగు మీదికే పడేటట్టు పైన రేకు మూకుడు బోర్లిచ్చిండు. ఎందుకని ఎవలు అడుగలే, ఆయన చెప్పలే. నేను అనుకుంట ఉన్న, ఈ ఇంట్ల అందరికి అన్ని తెలుసు, చెప్పుడే ఎవలకు అలవాటు లేదు అని.

వానకాలం మొదటి మబ్బు పట్టిన రోజు. తలుపు తెరిచినా ఇల్లు మసకగ ఉండె. బల్బు కింద మామ నేస్తాండు. నేను తట్ట తెచ్చి పక్కకు పెట్టిన. మామ ఎప్పటి లెక్క చెయ్యి చాపలే. పెట్టిన తట్ట మీద చెయ్యి ఆనిచ్చి, పడుగు దిక్కే చూసుకుంట అన్నడు.

"సరోజనా."

"ఆఁ మామా."

"ఎర్రయి ఎడమకు, నీలియి కుడికి. ఇన్ని రోజులు నువ్వే పెట్టినవు, నేనేం చెప్పలే. ఇప్పుడు చెప్తాన. ఇంకో రంగు వస్తె నడుమ పెట్టు. జాగ మార్చకు."

"మార్చ మామా."

"నాకు చెప్పకుంట మార్చకు."

"మార్చ."

ఆయన నీలి కండె తీసి నాడెల పెట్టుకున్నడు. మగ్గం నడిచింది.

లడాయి అయిపోయి రెండేండ్లాయె. ముప్పై యూనిట్ల మాట ఎవలు ఎత్తుతలేరు. అయినా అన్నం ఇప్పటికీ చిలకపచ్చ గుడ్డలనే కూసుంటది, ఒక చివర మాడింది, అంతే. నేను మారిన అని మాత్రం అనుకోకున్రి. పోయిన వారమే కట్టమ్మవ్వకు మా చెక్క డబ్బ చూపిచ్చి, దయ్యం పొయ్యిల నుంచి ఇందులకు మకాం మార్చిందని చెప్పిన, జల్లెడ మల్ల అక్కడనే ఉండిపోయింది. మామ చెప్పులు నిన్న గూడ పరకాల పోయొచ్చినయి.

ఆ తట్టను మాత్రం రోజు బల్బు కిందికి తీసుకపోయి, ఒక్కో కండె తిప్పి చూసి పెడత. ఎర్రయి ఎడమకు. నీలియి కుడికి.